పడటం ఏ తరగతి పాఠం

బడిలో ఆటలకూ ఆరోగ్యానికీ కలిపి ఏడాది ప్రణాళిక ఒకే పెద్ద అట్ట మీద ఉండాలని పెద్ద మేడం ఆజ్ఞ. ఒకటి నుంచి పది వరకు తరగతులు పైనుంచి కిందికి, ఆటలు ఎడమవైపు, ఆరోగ్యం కుడివైపు. ఒక పాఠం ఒక్క గడిలోనే కనిపించాలన్నది ఆవిడ నియమం. రెండోచోట కనిపిస్తే ఎర్ర పెన్సిలుతో కొట్టేస్తుంది. చెప్పిందే చెప్పి ఏళ్ళు గడిపేసిన టీచర్లను ఆవిడ చాలామందిని చూసింది.

వచ్చే ఏడాది అట్టను శుక్రవారానికల్లా ఇవ్వాలి. మంగళవారం మధ్యాహ్నం డ్రిల్లు మాస్టారు, ఆరోగ్యం టీచరు ఆటసామాన్ల గదిలో కూర్చున్నారు. ఆ టీచరు ఆయన భార్యకు సొంత చెల్లెలు. పిల్లల ముందు మాస్టారూ అని పిలుస్తుంది, తలుపు వేసి ఉంటే బావా అంటుంది. గదిలో గాలి పోయిన బంతులు, ఒక కాలు ఊగే బల్ల, పరుపుల దొంతర ఉన్నాయి. అట్టను ఆ పరుపుల మీదే పరిచారు.

"నాది అయిపోయింది బావా. నువ్వింకా ఒకటో తరగతి దగ్గరే ఉన్నావు."

"ఒకటోది ఎప్పుడో అయింది. ఇప్పుడు చెరుపుతున్నాను."

ఆయన చెరుపుతున్నది 'పడటం' అన్న మాటను. పన్నెండేళ్ళుగా అది ఒకటో తరగతి గడిలోనే ఉంది. గడ్డం గుండెకు ఆనించడం, చెయ్యి చాపకుండా భుజం మీదుగా దొర్లడం. చిన్నపిల్లలు నేలకు దగ్గరగా ఉంటారు, పెద్దగా దెబ్బ తగలదు, అప్పుడే నేర్పేస్తే ఒక పని అయిపోతుందని ఆయన ఉద్దేశం. తరువాతి తొమ్మిదేళ్ళూ అందరికీ పడటం వచ్చుననే నమ్మకంతో మిగతావన్నీ నేర్పుకుంటూ పోతాడు.

మూడు నెలల కిందట ఆరో తరగతిలో ఒక పొడుగుపిల్ల పల్టీ కొట్టబోయి చెయ్యి నేలకానించింది. మణికట్టు విరిగింది. ఆ పిల్ల ఈ బడిలో చేరి అప్పటికి రెండు నెలలు. పాత బడిలో ఆటస్థలమే లేదట.

ఆ మంగళవారం పొద్దున పిల్ల అమ్మమ్మ మాస్టారును వెతుక్కుంటూ వచ్చింది. పిల్ల ఆవిడ వెనకాలే నిలబడింది.

"పిండికట్టు విప్పి నెలైంది. డాక్టరు ఆడుకోవచ్చన్నాడు. నేనే వద్దంటున్నాను. పదో తరగతి అయ్యేదాకా ఆటల పీరియడులో దీన్ని బల్ల మీద కూర్చోబెట్టండి."

"ఆటలన్నాక ఒకటీ అరా తగులుతుంటాయమ్మా."

"తగులుతాయని తెలిసినవాడివి, ఎలా పడాలో ముందు నేర్పొద్దూ?"

"ఒకటో తరగతిలో నేర్పుతామమ్మా."

"ఒకటో తరగతిలో ఇది ఇక్కడ లేదు కదా నాయనా."

ఆటస్థలంలో ఎవరో ఈల ఊదారు. పొడుగుపిల్ల తల అటు తిప్పింది, మళ్ళీ ఇటు తిప్పింది.

"నేర్పుతామని రాసి ఉంటే నాకు చూపించు," అంది అమ్మమ్మ. "శుక్రవారం వస్తాను. లేకపోతే దీన్ని ఆటలు మాన్పిస్తున్నానని ఉత్తరం రాసిచ్చేసి పోతాను. ఆపైన నువ్వు పిలిచినా పంపను."

ఆ మాటలే ఇప్పుడు మాస్టారు చేత పాత గడిని చెరిపిస్తున్నాయి. సంగతి విని మరదలు నవ్వింది.

"అసలు ఒకటో తరగతి వాళ్ళకు పడటం నేర్పడమేమిటి బావా? పొద్దుటినుంచి వాళ్ళకు అదే పని. మీ చిన్నది మంచం మీంచి పడి కూడా నిద్ర లేవదని అక్క ఇప్పటికీ చెబుతుంది. పెద్దయ్యాకే పడటం రాదు. ఆరో తరగతికి వచ్చేసరికి కాళ్ళూ చేతులూ ఒక్కసారిగా సాగుతాయి. తన చెయ్యి ఎంతవరకు పోతుందో తనకే తెలియదు. ఆరో గడిలో నేను రాసింది అదే కదా."

"ఎక్కడ?"

"ఇదిగో. ఆరేళ్ళుగా ఇక్కడే ఉంది. ఒక్కసారైనా చదివావా?"

చదవలేదు. ఆరేళ్ళుగా ఇద్దరూ ఒకే అట్ట నింపుతున్నారు. ఎడమవైపు ఏముందో ఆమె చూడలేదు, కుడివైపు ఏముందో ఆయన చూడలేదు. పిల్లల ఎముకలు పొడుగు సాగే ఏడాదే పల్టీలు పెట్టాడు.

"అయితే ఆరులో రాస్తాను."

"ఎనిమిదిలో చేరేవాళ్ళ మాటేమిటి?"

"అన్నిటిలో రాస్తే మేడం ఊరుకుంటుందా? ఎర్ర పెన్సిలు అరిగేదాకా కొడుతుంది."

"అన్నీ ఒకటే పడటమా ఏమిటి? నిలబడి పడటం, పరుగులో పడటం ఒకటేనా?"

మాస్టారు లేచి, అట్ట తీసి పక్కన పెట్టి, ఒక పరుపు నేల మీదికి లాగాడు. నిలబడి పడ్డాడు. రెండడుగులు పరుగెత్తి పడ్డాడు. వెనక్కి పడబోయి బంతుల సంచిలో ఇరుక్కున్నాడు. యాభై దాటిన మనిషి, కాస్త పొట్ట కూడా ఉంది.

"అక్కకు చెబుతాను, బడిలో నువ్వు చేసే ఉద్యోగం ఇదని."

"చెప్పు. ముందు చెయ్యి అందించు."

సాయంత్రానికి పది రకాలు తేలాయి. ఒకటికి కూర్చుని పడటం, రెండుకు మోకాళ్ళ మీంచి. అలా పెంచుకుంటూ ఆరుకు నిలబడి, ఏడుకు పరుగులో, ఎనిమిదికి వెనక్కి, తొమ్మిదికి ఇంకొకరు మీద పడుతుండగా. పదికి పడినవాళ్ళను లేపడం.

శుక్రవారం పెద్ద మేడం అట్ట మీద పెన్సిలు ఆనించి పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చింది.

"ఇవన్నీ ఒకటే కదండీ?"

"కాదు మేడం. చూపించమంటారా?"

వద్దంది ఆవిడ. కాని రెండు, ఎనిమిది తరగతులకు తేడా అడిగింది. ఆయన నోటితోనే చెప్పాడు. పెన్సిలు పదో గడి దగ్గర ఆగింది.

"లేపడం పడటం కాదు. ఇది కుడివైపు పోవాలి." ఆ ఒక్కటీ కొట్టేసి ఆరోగ్యంలోకి మార్చి సంతకం చేసింది.

అమ్మమ్మ, మనవరాలు వరండాలో ఉన్నారు. మాస్టారు అట్టను వాళ్ళ ముందు గోడకు ఆనించాడు. పెద్ద మేడం కూడా బయటికి వచ్చింది. ఆరో గడిని పొడుగుపిల్ల పైకి చదివింది. అమ్మమ్మ రెండుసార్లు చదివించుకుంది.

"బాగుంది. ఇది వచ్చే ఏడాదిది కదూ?"

"అవునమ్మా."

"అప్పటికి మా పిల్ల ఏడులో ఉంటుంది. మరి ఆరోది దీనికి ఎవరు నేర్పుతారు?"

మాస్టారు పెద్ద మేడం వైపు చూశాడు. ఈ ఏడాది అట్టలో ఆ పాఠానికి గడి లేదు. మేడం గడియారం చూసుకుంది.

"తరువాతి పీరియడు ఆరో తరగతికి ఆటలే కదా," అని లోపలికి వెళ్ళిపోయింది.

మాస్టారు పరుపులు పరిపించాడు. అమ్మమ్మ బల్ల మీద కూర్చుంది. తరగతి మొత్తం వరుసగా పడింది. పొడుగుపిల్ల వంతు వచ్చేసరికి ఎప్పటిలాగే చెయ్యి ముందుకు పోయింది. అమ్మమ్మ లేచి నిలబడింది. మాస్టారు ఈల ఊది ఆపాడు.

"చేతులు రెండూ భుజాల మీద పెట్టుకో. తీయొద్దు. గడ్డం లోపలికి."

"కరెంటు స్తంభం కూలుతోందిరోయ్!" అన్నారెవరో వరుసలోంచి.

"అడ్డం తప్పుకో మరి," అంది పొడుగుపిల్ల.

రెండోసారి సగం దొర్లి ఆగిపోయింది. మూడోసారి పక్కకు పోయింది. ఐదోసారి భుజం మీదుగా దొర్లి, లేచి నిలబడి, చేతులు ఇంకా భుజాల మీదే ఉన్నాయని చూసుకుంది. అమ్మమ్మ వైపు తిరిగింది.

"మళ్ళీ పడు," అంది అమ్మమ్మ.

మళ్ళీ పడింది. మళ్ళీ సరిగ్గానే లేచింది. అమ్మమ్మ మాస్టారును దగ్గరికి పిలిచింది.

"సోమవారం నుంచి పంపిస్తాను. ఏడులో ఏముందన్నావు?"

"పరుగులో పడటం."

అమ్మమ్మ మనవరాలి మణికట్టు వైపు చూసింది.

"ఆ రోజు నాకు కబురు పంపు. వచ్చి చూస్తాను."