నరసయ్యమ్మ కూర్చున్న ఎండ

నేను ఒక బొమ్మను. గజం వెడల్పు ముతక గాడాగుడ్డ మీద యాక్రిలిక్ రంగులతో వేసిన బొమ్మను. నా వెనక చెక్క మీద "ఎండ పడిన గది" అని పెన్సిలుతో రాసి ఉంటుంది. ఇంతకన్నా గొప్ప పేరు పెట్టడం మా మాష్టారికి చేతకాలేదు. ఆయన వేసిన సముద్రం బొమ్మ పేరు "సముద్రం". ఇక మీరే చూసుకోండి.

నన్ను పుట్టించిన అసిరినాయుడుగారు భీమిలిలో డ్రాయింగు మాష్టారు. ముప్పై ఒక్క ఏళ్లు బడిపిల్లల చేత కూజాలూ మామిడిపళ్లూ జాతీయ జెండాలూ వేయించి, రిటైరయ్యాక ఇక తన బొమ్మలు తాను వేసుకుందామని కూర్చున్నారు. అప్పటిదాకా ఆయనకు తెలిసినవి పోస్టరు రంగులే. విశాఖపట్నంలో ఒక కొట్టు ఆసామి కొత్తరకం ట్యూబులు చూపించి, ఇవి నీళ్లలో కలుస్తాయి, ఆరాక మాత్రం బిందెడు నీళ్లు కుమ్మరించినా చెరగవు అన్నాడు. ఆ ఒక్క మాటకు మాష్టారు పడిపోయారు. ఆ రంగుల గురించి తెలుసుకోవలసింది ఇంకేమైనా ఉందా అని అడగలేదు. చెప్పడమే తప్ప అడగడం అలవాటు లేని ఉద్యోగం మరి!

పొద్దున్నే సంచి తగిలించుకుని ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లేవారు. గోస్తని ఏరు సముద్రంలో కలిసే చోట గొడుగు పాతుకుని కూర్చునేవారు. ఊళ్లో ఎవరింట్లో ఎండ బాగా పడుతుందంటే ఆ ఇంటికి వెళ్లి, "ఒక గంట మీ గది నాకు ఇత్తారా?" అని అడిగేవారు. మాష్టారికి మతి చలించిందని కొందరు అనుకున్నారు గానీ కుర్చీ మాత్రం వేసేవారు. గుడ్డను చట్రానికి తానే బిగించి, సుద్దపొడిలో తెల్లజిగురు కలిపి పూత పూసేవారు. ఆ పూత గట్టిది కాదు. ఆ సంగతి నాకు తరువాత తెలిసింది.

ఊరి ఇళ్లన్నీ తిరిగాక ఆయనకు తన ఇల్లు గుర్తొచ్చింది. మాఘమాసంలో వాళ్ల తూర్పు కిటికీలోంచి ఏటవాలు ఎండ పడి, నడిమిగది సగం దాకా పాకేది. ఆ ఎండలో కూర్చుని భార్య నరసయ్యమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మాష్టారు గుమ్మంలో నిలబడిపోయారు.

నరసయ్యమ్మకు జన్మలో ఫొటో లేదు. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తరుగుతుందని వాళ్లమ్మ చెప్పింది, ఈవిడ నమ్మింది. కెమెరా కనబడితే వంటింట్లోకి పోయేది. కూతురు వరాలు పెళ్లి ఆల్బంలో తల్లి ఉండవలసిన చోట వీపు ఉంది. ప్రభుత్వం వారు బలవంతాన తీసిన ఓటరు కార్డు ఫొటో ఒకటి ఉంది గానీ, అది ఆవిడదో ఎదురింటి పెద్దాయనదో చెప్పడం కష్టం.

"కదలకుండా కూకో, బొమ్మేత్తాను" అన్నారు మాష్టారు.

"ఫొటో లాగా అయితే ఒద్దు, వరాలు నాన్నా."

"ఫొటో కాదే. చేత్తో ఏసే బొమ్మ."

ఆవిడ ఒక కాయ ఈనె తీసి పళ్లెంలో వేసింది. "చెట్టుని ఏత్తావు కదా, చెట్లేటి చచ్చిపోలేదు కదా. సరే, ఎయ్యి. కాయలు మాత్రం నాను ఒలుసుకుంటూ ఉంతాను."

నాలుగు పొద్దులు పట్టింది నాకు. మొదటిరోజు కిటికీ, గోడ. రెండోరోజు ఎండ. మూడోరోజు చీర, చేతులు, ఒళ్లో పళ్లెం. నాలుగోరోజు ముఖం. ఆ రోజు మాష్టారు చెయ్యి మిగతా రోజుల్లా ఆడలేదు. వేసి, చూసి, దాని మీదే మళ్లీ వేసి, మందంగా పేర్చుకుంటూ పోయారు. రంగు ఇట్టే ఆరిపోతుంటే ఆవిడకు నవ్వొచ్చింది. "నా కూర పొయ్యెక్కకముందే నీ రంగు దిగిపోతంది" అంది. అప్పటికి ఆయన కుంచె నా మీద ఆవిడ పెదవుల దగ్గరే ఉంది. ఆ నవ్వు అలా నాలో పడిపోయింది. నాలో ఏదైనా మంచి ఉందీ అంటే అదొక్కటే. ఎండ ఎవరైనా వేస్తారు.

ఆ వేసవిలో ఆయన బొమ్మలన్నింటినీ ప్రదర్శనకని విశాఖపట్నం తీసుకెళ్లి ఒక హాల్లో వేలాడదీశారు. జనం దిబ్బల బొమ్మ ముందు నిలబడి "అరె, మన దిబ్బలే!" అని మురిసిపోయారు. బస్సెక్కితే గంటలో కనపడే దిబ్బల్ని గోడ మీద చూసి ఎందుకంత సంబరమో నాకు అర్థం కాలేదు. ఒక పెద్దమనిషి నా ముందు చాలాసేపు నిలబడి, "గది బావుంది. ఆవిడ లేకుండా ఉంటే మా హాల్లోకి తీసుకుందును" అన్నాడు. మాష్టారు నన్ను గోడ నుంచి తీసి, తువ్వాలు చుట్టి పక్కన పెట్టుకున్నారు. అంత కోపం ఆయనలో ఎప్పుడూ చూడలేదు.

మరుసటి ఫాల్గుణంలో నరసయ్యమ్మకు జ్వరం వచ్చింది. మూడు రోజులు మంచం మీద ఉంది. నాలుగోరోజు లేదు.

వరాలు విజయనగరం నుంచి పరుగెత్తుకొచ్చింది. అప్పుడామెకు అయిదో నెల. కడుపుతో ఉన్న మనిషి శవాన్ని చూడకూడదని పెద్దలు వీధి మలుపులోనే ఆపేశారు. పక్కింట్లో కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేశారు. డప్పుల చప్పుడు గుమ్మం ముందు నుంచి సాగి, దూరమై, ఆగిపోయేదాకా ఆమె ఆ తలుపు వెనకే ఉంది. తల్లి ముఖం కడసారి చూడలేదు. ఆచారాలకు ఎప్పుడూ మంచి కారణాలే ఉంటాయి. వాటితో పని పడినవాళ్లకే ఆ కారణాలు సరిపోవు.

పెద్దకర్మ నాడు దండ వేయడానికి ఫొటో ఏదీ అని అడిగారు. ఎవరో ఓటరు కార్డు తీశారు. వరాలు లోపలికి వెళ్లి నన్ను తెచ్చి పీట మీద పెట్టింది. మేనత్త నా నుదుటి మీద తడికుంకుమ అద్దింది. అందరూ వెళ్లాక మాష్టారు తడిగుడ్డతో తుడిస్తే కుంకుమ పోయింది, నుదురు చెక్కుచెదరలేదు. నాకు గర్వంగా అనిపించింది. ఇక నన్నేదీ ఏమీ చేయలేదని ఆయనా అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

వరాలు ఆ సాయంత్రం నా ముందు కూర్చుని చీకటి పడేదాకా లేవలేదు.

"నాన్నా, ఇది నాకిచ్చీ. పుట్టబోయే బిడ్డకి అమ్మమ్మ అంటే ఈవిడని సూపించాల. నాకా సివరి సూపు లేదు. నాకున్నదిదే."

"నీదే తల్లీ. ఇప్పుడే అట్టుకెళ్లు."

కానీ దండ పడిన బొమ్మను పురుడు కాకుండా ఇంటికి తేవద్దని అత్తగారు కబురు పెట్టింది. బిడ్డ పుట్టాక వచ్చి తీసుకెళ్తానని వరాలు వెళ్లిపోయింది. "జాగర్త నాన్నా" అని మూడుసార్లు చెప్పింది.

ఆ జాగ్రత్తే కొంప ముంచింది. గోడకుంచితే ఉప్పుగాలి తగులుతుందని, బల్లి పాకుతుందని ఆయనకు నిద్ర పట్టేది కాదు. బళ్లో పిల్లల బొమ్మలు దాచేటప్పుడు ముఖానికి ముఖం ఆనించి కట్ట కట్టడం ఆయన పద్ధతి. గీతలు పడవు, దుమ్ము అంటదు. "బొమ్మకి బొమ్మే కాపలా" అని పిల్లలకు చెప్పేవారు. కాగితం మీద పోస్టరు రంగుకు అది నిజమే, ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క బొమ్మా పాడవలేదు. ఇప్పుడు నాకు కాపలాగా తన బొమ్మల్లోకెల్లా మంచిదాన్ని ఎంచారు. ఎర్రమట్టి దిబ్బలు, సరిగ్గా నా కొలతే. మా ఇద్దరినీ ముఖాముఖీ ఆనించి, మంచం నవారుతో బిగించి కట్టి, ప్లాస్టిక్ పట్టా చుట్టి, సిమెంటు రేకుల కింద అటక మీద పెట్టారు. దిగేటప్పుడు పట్టా మీద చెయ్యి వేసి నిమిరారు కూడా.

యాక్రిలిక్‌కు నీటి భయం లేదు. వేడి భయం ఉంది. చైత్రంలో నా ఒళ్లు మెత్తబడింది. వైశాఖంలో దిబ్బల ఎరుపు నాకు అంటుకోవడం మొదలైంది. అన్నిచోట్లా పలచనే గనక తట్టుకున్నాను. ముఖం దగ్గర మాత్రం మందం. అక్కడ రెండు రంగులూ ఒకటైపోయాయి. కింద గదిలో మాష్టారు దగ్గుతూ తిరగడం వినబడేది. పైకెక్కి ఒక్కసారి నవారు వదులు చేస్తే చాలు. ఎక్కలేదు. భద్రంగా ఉందనుకున్న వస్తువును ఎవరూ చూడరు.

ఆశ్వయుజంలో వరాలు నెలల పాపను ఎత్తుకుని వచ్చింది. మాష్టారు నన్ను దింపి, మంచం మీద పెట్టి నవారు విప్పారు. మేము విడిపోలేదు.

"పట్టేసినట్టుంది" అన్నారు.

"మెల్లగా నాన్నా."

మెల్లగానే లాగారు. పుండు మీద ఎండిన కట్టు ఊడదీసినట్టు చప్పుడైంది. నన్ను వెలుగులో పెట్టారు. కిటికీ ఉంది, ఎండ ఉంది, చీర ఉంది, చిక్కుడుకాయల పళ్లెమూ, దాని మీద చేతులూ ఉన్నాయి. మెడ పైన తెల్లటి సుద్ద పూత ఉంది. నరసయ్యమ్మ ముఖం నా మీద నుంచి లేచిపోయి, దిబ్బల బొమ్మకు బోర్లా అతుక్కుని ఉంది. మాకు కనబడుతున్నది దాని వెనక వైపు, మాష్టారు అందరికన్నా ముందు వేసిన పసుపుపచ్చ పూత. వరాలు గోటితో అంచు లేపబోయింది. ముక్క తెగి గోటికి వచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

మాష్టారు మంచం పట్టె మీద కూలబడ్డారు. "నానే కట్టాను. నా సేతుల్తో నానే" అంటున్నారు. వరాలు ఏడవలేదు. పాపను భుజాన వేసుకుని, రంగుల డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మళ్లీ ఎయ్యి నాన్నా. ముఖమొక్కటే కదా."

ఆయన రంగు కలిపారు. కుంచె ముంచారు. నా దగ్గరికి తెచ్చి ఆపేశారు. "అమ్మీ, మీ అమ్మకి పుట్టుమచ్చ ఏ పక్కన?" అని అడిగారు.

"ఎడంపక్క నాన్నా, సెంప మీద..." అని వరాలు తన చెంప ముట్టుకుంది. ఆగింది. "నాకెదురుగా కూకుంటే ఇటు... కాదు..." చెయ్యి రెండో చెంప మీదకు పోయింది. అక్కడా నిలవలేదు. తండ్రీ కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడేడ్చింది.

"ముప్పై తొమ్మిదేళ్లు ఎదురుగా తిరిగింది. నాను సూసింది ఆ నాలుగు పొద్దులే" అన్నారు మాష్టారు. కుంచె కింద పెట్టేశారు. ఆ తరువాత దాన్ని ముట్టుకోవడం నేను చూడలేదు.

వరాలు నన్ను అలాగే విజయనగరం తీసుకెళ్లింది. అత్తగారు వద్దన్నా గోడకు తగిలించింది. రోజూ పొద్దున పాపను చంకనెత్తుకుని నా ముందుకొస్తుంది. "ఇదిగో, అమ్మమ్మ సేతులు" అని చూపిస్తుంది. పాప వంగి, నా మీద ఆ చేతుల్ని తడిమి నవ్వుతుంది. ఆ నవ్వు ఎవరిదో నాకు తెలుసు. ఈ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

ఈమధ్య పాప "అత్త", "తాత" అంటోంది. ముఖం ఏదని ఇంకా అడగలేదు. దానికి మాటలన్నీ వచ్చే రోజంటే నాకు భయంగా ఉంది.