గట్టు మీది కలుపు

సున్నం పలచనైతే పనిచేయదు. చిక్కనైతే సూదిలో ఇరుక్కుంటుంది. మారక్క ఇత్తడి సున్నపుకాయలో చూపుడువేలు పెట్టి ముద్ద తీసి, స్టీలు గిన్నెలో నీళ్లు చిలకరించి మెదిపింది. దాన్ని పట్టుగుడ్డ పేలికలో పోసి పిండింది. చీర అంచు సరిచేస్తే మిగిలిన ఆకుపచ్చ పేలిక అది. పట్టులోంచి దిగిన సున్నం మీగడలా ఉంది. సిరంజిలోకి లాక్కుని, సూది పైకెత్తి, గాలి పోయేదాకా ఒత్తింది. సూది వేయించుకోవాలంటే ఆమెకు ఇప్పటికీ భయమే. వేయడం మాత్రం అలవాటైంది.

అంగడి షట్టరు ఇంకా సగమే లేచింది. బయట ధర్మవరం వీధిలో పాలవాళ్ల సైకిళ్లు పోతున్నాయి. లోపల, చీరలు పరిచే తెల్లపరుపులకు ఎదురుగా, మంచమంత పొడుగున్న గాజుతొట్టి నీలం వెలుగులో మెరుస్తోంది. బెంగుళూరులో ఏదో హోటల్లో చూసి వచ్చి అంగడి యజమాని ఉమాశంకర్ ముచ్చటపడి పెట్టించిన తొట్టి. నీళ్లు ఉప్పునీళ్లు. రాళ్లు సముద్రపు రాళ్లు. వాటి మీద మెత్తని వేళ్లలాగా కదిలే పగడాలు, వాటి నడుమ తిరిగే ఒకే ఒక్క చేప. ఆడవాళ్లు చీరలు ఎంచుకునేంతసేపూ పిల్లలు ఈ గాజుకు ముక్కులు ఆనించి నిలబడతారు. వాళ్ల వేలిముద్రలు తుడవడంతో మారక్కకు ఈ తొట్టితో పొత్తు మొదలైంది.

ఆ రాళ్ల సందుల్లో ఎవరూ కొని తేనివి కొన్ని మొలిచాయి. గోధుమరంగు కాడ, కొసన వెంట్రుకల్లాంటి రేకలు. చూడటానికి పువ్వు. కానీ అదీ ఒక ప్రాణే, తింటుంది, దగ్గరికొచ్చినవాటిని కుడుతుంది. దాని పక్కనున్న పగడాలు ముడుచుకుని కరిగిపోయేవి. హిందూపురంలో చేపల అంగడి నడిపే లోకేష్ దాని పేరేదో ఇంగ్లీషులో చెప్పాడు. ఆమెకు నోరు తిరగలేదు. ఉమాశంకర్‌కూ సరిగా తిరగక, కలుపనుకో మారక్కా, అన్నాడు.

ఆ మాట ఆమెకు బాగా అర్థమైంది. అర్థం కావడమే చేటయింది. మరునాడు అంగడి తెరవకముందే రవికె చేతులు పైకి మడిచి, ఒక్కొక్కదాన్నీ గోళ్లతో గిల్లి, మొదలంటా చాకుతో గీకి పారేసింది. రాళ్లు కడిగిన ముత్యాల్లా అయ్యాయి. మేడ మీద కాపురముండే ఉమాశంకర్ భార్య సుధను కిందికి పిలిచి మరీ చూపించింది. నెల తిరగకముందే ఒకటున్న చోట గుంపు లేచింది. తెగిన ప్రతి ముక్కా ఒక పువ్వయింది. తుంగ కూడా అంతే, పైన పీకితే లోపల గడ్డ నవ్వుతుంది. తుంగతో పుట్టి పెరిగిన మనిషి. నీళ్లలోనూ తుంగ ఉంటుందని తోచలేదు.

ఉమాశంకర్ తల గోక్కుని లోకేష్‌కు ఫోను చేశాడు. గిల్లకూడదని, నోట్లో సున్నం పోసి చంపాలని, వక్కాకులోకి వేసుకునే సున్నమైనా సరిపోతుందని లోకేష్ చెప్పాడు. అప్పటినుంచి మారక్క సున్నపుకాయ సగం ఆమెకు, సగం తొట్టికి.

ఉమాశంకర్ షట్టరు పూర్తిగా ఎత్తి, దేవుడి పటానికి ఊదుకడ్డీ వెలిగించి, తొట్టి దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"ఈ పొద్దు మాపటికి లోకేష్ వస్తాండాడు మారక్కా."

"రానీ సామీ. శానామటుకు అయిపోయినాయి."

"శానామటుకు అంటే కాదు. ఒగటి మిగిలినా నూరు మిగిలినా ఒగటేనంట. మిగిల్తే రాళ్లన్నీ మిద్దె మీద ఎండకు ఏసేయమన్నాడు. చేపను ఆయప్పే హిందూపురానికి పట్టకపోతాడు."

"చేపను గూడానా?"

"రాళ్లు లేకుంటే అది యాడుంటాది?"

మారక్క మోటారు ఆపింది. నీళ్లు నిలకడైతే గాని సున్నం చెదరకుండా నిలవదు.

చేయి నీడ పడితే చాలు, ఆ పువ్వు బొరియలోకి ముడుచుకుపోతుంది. అందుకని మిడతను పట్టడానికి పోయినట్టు పక్కనుంచి, కిందినుంచి సూదిని పోనివ్వాలి. రేకల నడుమ చిన్న నోరుంటుంది. అక్కడ ఆనించి మెల్లగా ఒత్తితే తెల్లని చుక్క దిగుతుంది. తిండి అనుకుని అది రేకలన్నీ మూసి మింగుతుంది. ఆ మూసుకోవడం చూసినప్పుడల్లా మారక్కకు మనసు బాగుండేది కాదు. ఒక్కొక్కదానికీ "పోయిరా తల్లీ" అని మెల్లగా అనేది. పొమ్మనడం ఆమెకు చేతకాదు.

ఎడమచేయి గుంజుతోంది. తొట్టి అంచు మీద ఆనించి వంగడం వల్ల కాబోలనుకుంది.

వంగడం ఆమెకు కొత్త కాదు. పెనుకొండ కొండ కింది ఊళ్లలో ఆమె వంగి కలుపు తీయని చెనక్కాయ చేను లేదు. ఆడవాళ్లంతా వరసగా సాలు పట్టుకుని పోతుంటే ఈమె ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉండేది. చేత కలుపు తీసే తొలిక ఒకపక్క ఆడుతూనే ఉండేది, ఇంకోపక్క చెంచలాకు, గురుగాకు ఏరి ఒళ్లో వేసుకునేది. చేనుగలామె చూసి, కలుపు తీయను వచ్చినావా, కూరాకు కోయను వచ్చినావా, అని దెప్పేది. రెండిటికీ ఒకటే వంగడం గదమ్మా అని మారక్క నవ్వేది. చేనుకు కలుపైంది రాత్రి సంగటిలోకి కూర. గట్టు మీద మొలిచిన దాని జోలికి ఎవరూ పోయేవాళ్లు కాదు. అది మేకల వంతు.

మొగుడు దాసప్ప బావులు తవ్వేవాడు. బావుల్లో నీళ్లు పడటం మానేశాక కట్టడం పనికని బెంగుళూరు పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఎవరైనా అడిగితే, ఆడ బాగుండాడంటలే, అనేది. పిల్లల్లేరు. వరసగా వానలు తప్పిన ఏళ్లలో చేలు బీళ్లయ్యాయి. విత్తనమే పడని చేలో కలుపుకు కూలికి ఎవరు పిలుస్తారు? పెనుకొండలో పాసింజరు ఎక్కి ధర్మవరంలో దిగింది. అడిగిన మొదటి అంగట్లోనే చీపురు దొరికింది. మెట్ల కింద పడుకోను చోటు దొరికింది. అంతకన్నా ఎక్కువ ఆమె ఎక్కడా అడగలేదు.

ఎండ వీధిలోకి దిగేసరికి ఒక్కటే మిగిలింది.

అది పెద్దరాయి వెనక, నీలం వెలుగు సరిగా పడని మూలలో ఉంది. అన్నిటికన్నా పెద్దది, అరచేయంత. దాని ముందు కనకాంబరం రంగు చేప తెల్లపట్టెలతో అడ్డంగా నిలబడి ఉంది. మొదట రెండు చేపలొచ్చాయి. ఒక ఎండాకాలం కరెంటు పోయి, జనరేటరు మొరాయించిన రోజు ఒకటి తేలిపోయింది. మిగిలింది మోటారు గొట్టం వెనక దిక్కులేనిదానిలా చాన్నాళ్లు తిరిగింది. సముద్రంలో ఈ చేపలు ఒక జాతి పువ్వులో కాపురముంటాయట. లోకేష్ ఆ పువ్వును రెండుసార్లు తెచ్చాడు. రెండూ ఇక్కడ బతకలేదు. చివరికి చేప ఈ కలుపులో చోటు చూసుకుంది. దాన్ని మాత్రం కుట్టేది కాదు ఈ పువ్వు. లేక కుట్టినా ఓర్చుకునేదేమో.

ఇన్నాళ్లూ మారక్క ఆ మూలకు రాగానే సున్నం అయిపోయేది. ఈ రోజు సిరంజిలో ఇంకా సగం ఉంది.

సూది దగ్గరికి పోనిచ్చింది. చేప చటుక్కున వచ్చి వేలు కరిచింది. పంటిగాటు కాదు, చీమ పట్టినట్టు.

"కరుస్తావా? ఇల్లేమన్నా నీ పేరున రాసిచ్చినారా?"

మళ్లీ కరిచింది. మారక్క చేయి వెనక్కి తీసుకుంది. సిరంజిని తొట్టి మూత మీద సున్నపుకాయ పక్కన పెట్టి, పైటతో ముఖం తుడుచుకుంది.

సుధ పళ్లెంలో సంగటి, చెనక్కాయల ఊరుబిండి పట్టుకుని మేడ దిగి వచ్చింది.

"ఏసీలో చెమటేంది మారక్కా నీకు?"

"తొట్టి నీళ్లులే సుధమ్మా."

"ఇంగా ఎన్నుండాయి?"

"ఒగటే. ఈ చేప దాంట్లోనే పండుకునేది."

సుధ పళ్లెం కింద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని చూసింది. చేప రేకల్లోకి వీపు దూర్చి, ముఖం మాత్రం బయటికి పెట్టి వీళ్లనే చూస్తోంది.

"అయినా అది కలుపే గదా" అంది సుధ చివరికి.

"చేన్లో ఉంటే కలుపు. గట్టు మీదుంటే దాన్ని కలుపని ఎవురంటారు?"

అన్నాక ఆ మాట తనకే కొత్తగా వినిపించినట్టు మారక్క ఆగింది. మళ్లీ నీళ్లలో చేయి పెట్టింది. పువ్వు పట్టుకుని ఉన్న రాయి విడి రాయి, పిడికిలంత. పెద్దరాయికి ఊరికే ఆనుకుని ఉంది. దాన్ని పువ్వుకు తగలకుండా కిందినుంచి పట్టి, నీళ్లలోనే మెల్లగా తొట్టి ఆ చివరికి నడిపించింది. రేకలు ముడుచుకున్నాయి. చేప దారంతా ఆమె చేతి వెంబడే వచ్చింది, పెండ్లిబండి వెంట పోయే పిల్లలా. మూలలో, చుట్టూ జానెడు ఖాళీ ఇసుక వదిలి, మారక్క రాయిని నిలబెట్టింది. కాసేపటికి రేకలు విచ్చుకున్నాయి. చేప ఒక చుట్టు తిరిగి లోపలికి దూరింది.

"మీ సామి ఒప్పుకోవాల గదా" అంది సుధ. గొంతులో నవ్వుంది.

హిందూపురం నుంచి వచ్చే పాసింజరు దిగి లోకేష్ వచ్చేసరికి అంగట్లో బేరాలు సన్నగిల్లాయి. టార్చిలైటు వేసి ప్రతి రాయీ చూశాడు. ఏమవ్వా, బలే క్లీన్ మాడినావే, అని కన్నడం కలిపి మెచ్చుకున్నాడు. మూలలోకి లైటు పడగానే ఆగాడు.

"ఇదేంది మల్ల?"

"అది గట్టప్పా" అంది మారక్క.

లోకేష్ నవ్వి ఉమాశంకర్‌ వైపు తిరిగాడు. ఉంచితే ఉంచొచ్చని, కానీ అది ఊరుకోదని, పిల్లలను ఇసుక మీదికి, గాజు మీదికి వదులుతూనే ఉంటుందని చెప్పాడు.

"వారం వారం సూసి సున్నం ఏసే మనిషుంటే పర్వాలేదు సార్. లేకుంటే మల్ల కతంతా మొదటికే."

ఉమాశంకర్ వంగి చూశాడు. చేప తోక ఒకటే కనిపిస్తోంది. చీరల మధ్య బతికినవాడు, రంగును రంగులా చూడగలడు. గోధుమరంగు మీద కనకాంబరం కాసేపు చూస్తూ ఉండిపోయాడు.

"ఎవురు సూస్తారు వారం వారం?"

"నేనుండా గదా సామీ."

"గట్టు దాటితే మాత్రం నేను ఊరుకోను."

"దాటనీను."

లోకేష్ టీ తాగి తిరుగు రైలుకు వెళ్లిపోయాడు. మారక్క మోటారు వేసింది. నీళ్లు మళ్లీ కదిలాయి, పగడాలు మళ్లీ ఊగాయి. గిన్నె కడిగింది, పట్టుపేలిక ఉతికి ఆరేసింది. కొంచెం ఆయాసంగా ఉందని మెట్ల కింద గోడకు వీపానించి కాళ్లు చాపుకుంది. అక్కడినుంచి తొట్టి మూల కనిపిస్తుంది. తిత్తి విప్పి తమలపాకు తీసి, తొడమీద తుడిచి, తొడిమ గిల్లి, వక్క పెట్టుకుంది. సున్నపుకాయ కోసం నడుం దగ్గర తడుముకుంది. అది తొట్టి మీదే ఉండిపోయింది. లేచి తెచ్చుకోవాలనుకుంది. కొంచెం సేపాగి లేద్దామనుకుంది.

సుధ టీ గ్లాసు తెచ్చి పిలిచింది. మళ్లీ పిలిచింది. మారక్క కళ్లు తొట్టి వైపే ఉన్నాయి. సున్నం పూయని ఆకు అరచేతిలో అలాగే విచ్చి ఉంది.

పెనుకొండ వైపునుంచి ఆమె తమ్ముడి కొడుకులు వ్యాను మాట్లాడుకుని వచ్చి తీసుకుపోయారు. ఉమాశంకర్ అంగడి మూసి, కొత్తచీర ఒకటి కప్పి, వ్యానులోనే వాళ్లతో వెళ్లి వచ్చాడు. పూడ్చింది చేని పక్కన, గట్టు వారగా అని సుధకు చెప్పాడు.

కొన్నాళ్లకు ఒక ఉదయం సుధ గాజు తుడుస్తుంటే మూలరాయికి ఇవతల ఇసుక మీద దారప్పోగంత సన్నని కొత్త పువ్వులు రెండు లేచి కనిపించాయి. గట్టు దాటాయి. చేప వాటిని పట్టించుకోకుండా తన పువ్వులో ముఖం బయటపెట్టి పడుకుని ఉంది. సుధ మేడ వైపు చూసింది. ఉమాశంకర్ ఇంకా దిగలేదు.

సున్నపుకాయ తొట్టి మూత మీదే ఉంది. రోజూ మూత తుడిచిన ఉమాశంకర్ దాని చుట్టూ తుడిచాడే గాని దాన్ని కదపలేదు. అడుగున సన్నగా దుమ్ముగీత కట్టింది. కాయ గొలుసు తెగిపోతే మారక్క పట్టుదారంతో మూతను కట్టుకుంది. సుధ ఆ ముడి విప్పకుండా మూత పక్కకు తీసింది. సున్నం అంచుల్లో ఎండి నెర్రెలిచ్చింది. నడుమ చూపుడువేలు చివరిసారి ముద్ద తీసిన గుంట అలాగే ఉంది, గోటి గీతతో సహా. సుధ కాసేపు దాన్ని పట్టుకుని నిలబడింది. తర్వాత గ్లాసు నీళ్లలో వేలు ముంచి, అంచు మీద ఒక చుక్క వదిలింది. చుక్క నెర్రెల వెంట మెల్లగా జారి, వేలి గుంటలోకి చేరి, అక్కడ నిలిచింది.