చదివి వినిపించడమైనది

కోర్టులో స్టెనోగ్రాఫరుగా ఆవిడకి ముప్పై ఒకటో ఏడు నడుస్తోంది. అందరూ స్టెనో అక్క అంటారు, ఆవిడకన్నా పెద్దవాడైన బంట్రోతు కూడా. సాక్షి నోట్లోంచి వచ్చిన మాట పొల్లు పోకుండా ఆవిడ షార్ట్‌హ్యాండు పుస్తకంలో పడాల్సిందే. బస్సులో కూర్చున్నా సరే, పక్కవాళ్ళ మాటలకి వేలు ఒళ్ళో గీతలు గీస్తూనే ఉంటుంది. తోటివాళ్ళంతా కంప్యూటర్లకి మారిపోయారు కాబట్టి ఆ వంకర గీతలు చదవడం ఆ భవనంలో ఇంకెవరికీ రాదు. గడియారాలు బాగుచేసే వాళ్ళాయన "కోడి గెలికిన రాతకి జీతమిస్తోందంటే మన ప్రభుత్వం ఎంత మంచిదో చూడు" అని ఏడిపిస్తుండేవాడు. ఈ మధ్య ఆ మాట మానేశాడు. ప్రభుత్వం మంచిదని నవ్వులాటకి అన్నా నవ్వు రాని రోజులొచ్చాయి.

ఆ కోర్టులో పాత పద్ధతి ఒకటుంది. సాక్షి చెప్పింది టైపు చేశాక స్టెనో లేచి నిలబడి, హాలంతా వినపడేట్టు చదవాలి. సాక్షి "అవును, నా మాటే" అన్నాకే సంతకమో వేలిముద్రో. కాగితం అడుగున "చదివి వినిపించడమైనది, సరియేనని ఒప్పుకొనడమైనది" అని ఒక వాక్యం ఉంటుంది. కొత్త ప్రభుత్వం అత్యవసర చట్టం తెచ్చాక కేసులు గుట్టలుగా పడ్డాయి. "టైము లేదమ్మా, చదవడాలూ అవీ వద్దు" అన్నారు జడ్జిగారు. ఆవిడ చదవడం మానేసింది. ఆ వాక్యం టైపు చేయడం మాత్రం మానలేదు. ఎనిమిది నెలల్లో ఎన్ని కాగితాల అడుగున ఆ అబద్ధం తన చేత్తో కొట్టిందో గుర్తుచేసుకోబోయి, భయమేసి ఊరుకుంది.

ఆ సోమవారం లెక్కల మాస్టారి కేసు వచ్చింది. పోలీసులు పట్టుకుపోయినవాళ్ళు ఎక్కడున్నారో ఎవరూ చెప్పకపోతే, ఆయన చౌరస్తాలో నిలబడి వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పైకి చదివాడు. పేర్లు చదవడం నేరమని రాయడానికి పోలీసులకే మొహం చెల్లలేదేమో, జీపు మీద రాయి విసిరాడని రాశారు. రుజువైతే పదేళ్ళు. వాళ్ళకి దొరికిన సాక్షి ఒక్కడే, చౌరస్తా పక్కనున్న బడి వాచ్‌మన్. చదువు రానివాడు, బెదిరిస్తే చెప్పినట్టు చెప్తాడని ధీమా.

"రాయి ఎవరు వేశారు?" సర్కారు వకీలు అడిగాడు.

వాచ్‌మన్ బోనులో ఉన్న మాస్టారి వంక చూశాడు. మొదటి బెంచీలో కూర్చున్న మాస్టారి భార్య వంక చూశాడు.

"మాస్టారు వెయ్యలేదండి. ఆయన రెండు చేతుల్తో కాగితం పట్టుకునున్నాడు. రాయి వేసినోడు జీపులోంచే దిగాడు. వేసి, మళ్ళీ అదే జీపెక్కాడు."

వెనక బెంచీల్లో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. స్టెనో అక్క పెన్సిలు ఆ మాటని ఎక్కడిదక్కడ పట్టేసింది. జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"సాక్షి మాటగా టైపు చేయండి. ముద్దాయి రాయి విసరడం నేను కళ్ళారా చూశాను."

ఆవిడ టైపు చేసింది. అలవాటుపడ్డ వేళ్ళు అడుగున ఆ వాక్యం కూడా కొట్టేశాయి. బంట్రోతు సిరా ప్యాడ్ తీసుకుని సాక్షి దగ్గరికి నడిచాడు.

"అమ్మా, సరిగ్గా రాశారా?" అన్నాడు వాచ్‌మన్ ఆవిడతో. "మీరు రాశారంటే నాకింక దిగుల్లేదు."

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. ఆ మనిషి ఎంతో ధైర్యం కూడగట్టుకుని నిజం చెప్పాడు, తీసుకొచ్చి తన చేతుల్లో పెట్టాడు. తను దాన్ని ఏం చేసింది? కుర్చీలోంచి లేచింది.

"చదివి వినిపించాలండి."

"అక్కర్లేదు, కూర్చోండి" అన్నారు జడ్జిగారు.

"వినిపించామని కాగితం మీద ఉందండి. ఉన్నాక వినిపించాలి కదా."

ఇంకో మాటకి చోటివ్వకుండా కాగితమెత్తి చదివేసింది. వాచ్‌మన్ వేలు సిరాలో మునగబోతూ ఆగింది.

"అది నా మాట కాదమ్మా."

"కాదు. మీ మాట ఇక్కడుంది" అని ఆవిడ షార్ట్‌హ్యాండు పుస్తకం తెరిచింది. రాసుకునేవాళ్ళకి చెప్పినట్టు, ఒక్కో ముక్కా విడదీసి చదివింది. రెండు చేతుల్తో కాగితం పట్టుకునున్నాడు. రాయి వేసినోడు. జీపులోంచే దిగాడు. జడ్జిగారు మూడుసార్లు ఆపమన్నారు. వెనక బెంచీల్లో జేబుల్లోంచి పెన్నులు బయటికొచ్చాయి. బస్సు టికెట్ల వెనకా అరచేతుల్లోనూ జనం రాసుకుంటున్నారు. ఆవిడ ఆగకుండా చివరిదాకా చదివింది. ఎనిమిది నెలల తర్వాత తన గొంతు తనకి వినపడింది, ఆ గొంతు ఆవిడకి చాలా నచ్చింది.

"ఆ పుస్తకం ఇలా ఇవ్వండి" అన్నారు జడ్జిగారు.

రెండు చేతులతో అందించింది. "సీలు వేసుకోండి సార్. చదివించాల్సొస్తే మాత్రం నన్నే పిలవాలి. నాకు లోలోపల చదవడం రాదు, పైకే చదువుతాను."

విచారణ వారం వాయిదా పడింది. సాయంత్రానికి ఆవిడ చేతిలో సస్పెన్షన్ ఆర్డరు పెట్టారు. ఇంకో ఏడాదైతే పెన్షనుతో దిగిపోవాల్సిన మనిషి. వాళ్ళాయనకి ఎలా చెప్పాలా అని దారంతా మాటలు పేర్చుకుంటూ ఇంటికెళ్ళింది. ఆయన అప్పటికే దుకాణం కట్టేసి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"గడియారానికి పట్టీ వేయించుకోవడానికొకడొచ్చాడు. చెయ్యి చాపితే అరచేతి నిండా నీ మాటలే" అన్నాడు. "ముప్పై ఏళ్ళు కోడి గెలుకుడన్నాను. దాన్నివాళ ఊరంతా చదువుతోంది."

"ఉద్యోగం పోయిందండీ."

"తెలుసు. నేనెవరి మొగుణ్ణో అతనికి చెప్పాను, అడక్కపోయినా చెప్పాను" అని కళ్ళు తుడుచుకోవడానికి పక్కకి తిరిగాడు.

వారం తిరిగింది. ఈసారి స్టెనో అక్క వెనక బెంచీలో, జనంలో కూర్చుంది. పక్కన వాళ్ళాయన. ముందు ఆవిడ కుర్చీలో కంప్యూటరుతో కొత్త స్టెనో. వాచ్‌మన్‌ని మూడు రోజులు స్టేషన్‌లో ఉంచి తీసుకొచ్చారు. మనిషి సగమయ్యాడు. ఇవాళ జడ్జిగారి మాట కింద అతని వేలు పడితే మాస్టారికి పదేళ్ళు ఖాయమని హాల్లో అందరికీ తెలుసు.

అతను మళ్ళీ అదే చెప్పాడు, గొంతు బొంగురుపోయినా. జడ్జిగారు మళ్ళీ తన మాటే చెప్పి టైపు చేయించారు. బంట్రోతు సిరా ప్యాడ్ పట్టుకెళ్ళాడు. వాచ్‌మన్ పిడికిలి బిగించి వీపు వెనక పెట్టుకున్నాడు.

"ముందు చదవండి."

"టైము లేదు" అన్నారు జడ్జిగారు.

"చదవండి" అంది మాస్టారి భార్య. వెనక బెంచీలు ఒక్కొక్కటే లేచాయి. అరుపులు లేవు. "చదవండి" అని ఒకరి తర్వాత ఒకరు, మామూలు గొంతులతో అన్నారు. బంట్రోతు సిరా ప్యాడ్ మూత పెట్టేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాతికేళ్ళుగా ఎవరేం చెప్తే అది చేసిన మనిషి.

కొత్త స్టెనో కాగితం పట్టుకుని లేచాడు. జడ్జిగారి వంక చూశాడు, వెనక్కి తిరిగి స్టెనో అక్క వంక చూశాడు. ఆవిడ తల ఊపలేదు, కళ్ళతో కూడా ఏమీ చెప్పలేదు. అది అతను తేల్చుకోవాల్సిన సంగతి.

"ఒక్క నిమిషం సార్. నా టైపులో తప్పు పడింది, సరిచేస్తాను."

కూర్చుని టకటకా కొట్టాడు. కొత్త కాగితం బయటికి లాగాడు. నిలబడి, మొదట సన్నగా, తర్వాత హాలంతా వినపడేట్టు చదివాడు. మాస్టారు రాయి వేయలేదు. ఆయన రెండు చేతుల్తో కాగితం పట్టుకునున్నాడు.

"అవును, నా మాటే" అన్నాడు వాచ్‌మన్. బంట్రోతు మూత తీశాడు. వేలు పడింది.

స్టెనో అక్క చేతిలో పెన్సిలు లేదు. వేలు మాత్రం ఒళ్ళో ఆ మాటని రాసుకుంటూనే ఉంది.