ఖాళీ లైన్లకు అంకెల్లేవు

మా సూపర్‌వైజర్ గారు కొత్తగా ఒక కమాండ్ నేర్చుకున్నారు. నల్లటి తెర మీద ‘ఎన్ఎల్’ అని కొట్టి, ఫైలు పేరిచ్చి ఎంటర్ నొక్కితే లైన్ల పక్కన వరసగా అంకెలు పడతాయి. ఇక ఆయన కాళ్లు నేల మీద ఆగలేదు.

మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలను తప్పుల్లేకుండా దిద్దడం మా పని. నా ఆరు నెలల ప్రొబేషన్ ఆ వారం శుక్రవారంతో సరి. ఆయన సంతకం పెడితే ఉద్యోగం పర్మనెంటు, పెట్టకపోతే ఇంటికే.

సోమవారం చీటీ వచ్చింది: ‘నలభయ్యో లైన్లో తప్పుంది. దిద్దండి.’ నా కంప్యూటర్లో నలభయ్యో లైను చూశాను. నిక్షేపంగా ఉంది.

“అక్కడ తప్పేం లేదండీ.”

“అంటే అంకె అబద్ధం చెబుతోందామ్మా?”

‘నిర్లక్ష్యం’ అని నా ఫైల్లో రాసుకున్నారు. బుధవారానికి అలాంటివి మూడయ్యాయి. ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ ఒళ్లు మండింది.

ఆ రోజే ఆయన రుజువుగా ఇచ్చిన అంకెల ప్రింటు ఇంటికి తెచ్చి వదిన ముందు పడేశాను. వదిన సినిమా హాల్లో జనాన్ని సీట్లలో కూర్చోబెడుతుంది.

“ఖాళీ లైన్ల పక్కన అంకెల్లేవేంటి?” అంది.

“నా కంప్యూటర్లో వాటికీ ఉంటాయే!”

“మరింకేం? నువ్వు సీట్లు లెక్కపెడుతున్నావు, మీ సారు మనుషుల్ని లెక్కపెడుతున్నాడు. ఇద్దరి లెక్కా ఎక్కడ కలుస్తుంది, మొద్దూ?”

గురువారం ఆయన ఎదుటే, అదే కమాండ్‌కు ఒక గీత, ‘బీఏ’ అన్న రెండక్షరాలు తగిలించాను. ఖాళీ లైన్లకూ అంకెలు పడ్డాయి. ఆయన నలభై నా నలభయ్యారు. అక్కడ తప్పు నిజంగానే ఉంది, అదీ నాదే. ‘పిల్లలకు ఇవ్వరాదు’ అనే చోట ‘ఇవ్వవచ్చు’ అని వదిలేశాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఆయన మాత్రం గొంతు సవరించుకుని, “నీకు తెలుసో లేదో చూద్దామనే అలా పెట్టాను” అన్నారు. పాపం, మూడు రోజులు ఎంత ఓపికగా పరీక్షించారో!

శుక్రవారం నా పర్మనెంటు కాగితం చేతికిచ్చారు. పాత పద్ధతిలోనే అంకెలు వేసి ఉంది. కింద సంతకం చోటు ఖాళీ.

“సంతకం, సార్?”

“పన్నెండు లైన్లూ ఒక్కొక్కటే చూశానమ్మా. లోటేమీ లేదు.”

నా సీటుకెళ్లి, బీఏ తగిలించి, ఇంకో ప్రింటు తీసి ఆయన బల్ల మీద పెట్టాను. పైన చీటీ అంటించాను:

‘పదిహేడో లైన్లో తప్పుంది. దిద్దండి.’