పైన కొత్తది, కింద పాతది

మా అంగడికి వెబ్‌సైటు చేసింది నేనే. బెంగళూరు నగర్తపేటలో మా మామగారు జయరామప్పగారు నడిపే అంగడి అది. లైనింగ్ గుడ్డ, హుక్కులు, లేసులు, గుండీలు, దారం రీళ్ళు, కుట్టుపనికి కావలసినవన్నీ దొరుకుతాయి. మిద్దె మీద మా కాపురం. పిల్లవాడు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక నేను కంప్యూటర్ క్లాసుకు వెళ్ళి, చూస్తూ పేజీలు కట్టే సాఫ్టువేరు ఒకటి నేర్చుకున్నాను. తెర మీద పెట్టె గీస్తే పెట్టె, రంగు పూస్తే రంగు. ఏ వస్తువైనా నేను పెట్టినచోటే ఉండేది. ఇంట్లో అలా ఉండే వస్తువులు తక్కువ కాబట్టి నాకు ఆ పని బాగా నచ్చింది.

రెండువేల ఏడులో ఆ సైటుకు బ్లాగు చేర్చాను. ఫోన్ల బాధ పడలేకే చేర్చాను. లైనింగ్ ఎంత కావాలి, హుక్కులు ఏ వైపు కుట్టాలి అని ఆడవాళ్ళు అంగడికి ఫోన్ చేస్తే, మామగారు "మా కోడల్ని అడగండమ్మా" అని పైకి కలిపేవారు. పొయ్యి మీద పోపు మాడేది. అడిగిందే అడుగుతున్నప్పుడు ఒక్కసారి రాసి పెడితే పోతుంది కదా అనుకున్నాను.

నా సాఫ్టువేరు పేజీలు కడుతుంది గాని బ్లాగు రాయించదు. ఉచితంగా బ్లాగు ఇచ్చే చోట పేరు నమోదు చేసుకుని, మా సైటు రంగుల్లోనే ఒక పేజీ తయారుచేసి, మధ్యలో ఖాళీ పెట్టె వదిలి, అందులో వాళ్ళిచ్చిన కోడు అతికించాను. మొదటిసారి రాత కాస్త పొడవయ్యేసరికి పెట్టె దాటి పోయి కింద ఉన్న ఫోన్ నంబరు మీద పడింది. పెట్టెకు నేను ఎత్తు బిగించి పెట్టానని తెలియడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. ఆ ఎత్తు తీసేస్తే, రాత ఎంతుంటే పెట్టె అంత సాగింది. ఆ రోజు రెండోసారి కాఫీ పెట్టుకుని తాగాను.

మొదట లైనింగ్ తడపడం గురించి రాశాను. తర్వాత కొన్నాళ్ళకు లైనింగ్ రవిక కత్తిరింపు, కుట్టు గురించి. రెండూ తెలుగులోనే, మా దగ్గరికి వచ్చేవాళ్ళు మాట్లాడేది అదే కనుక.

మార్చి ఎండల్లో ఒక రోజు భోజనాల వేళకు ముందు కింద నుంచి మామగారు పిలిచారు. "అంబికా, ఒకసారి దిగమ్మా. నిన్ను అడుగుతా ఎవరో వచ్చినారు."

గల్లా ముందు సన్నగా, పొడుగ్గా ఒకమ్మాయి నిలబడి ఉంది. ఒక చేతిలో మడతపెట్టిన కాగితాలు, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు.

"కంప్యూటర్లో రాసే అక్క నువ్వేనా? నా పేరు అనిత. బొమ్మనహళ్ళి నుంచి వచ్చినా." కవరులోంచి ఆకుపచ్చ రవిక తీసి గల్లా మీద పరిచింది. "నువ్వు రాసినట్లే చేసినా అక్కా. ఒక్క అక్షరం తప్పలే. చూడు ఎట్లుండాదో."

పైగుడ్డ అంతా కాలిన అప్పడంలా బొబ్బలెత్తి ఉంది. తిప్పి చూశాను. లోపలి నూలు లైనింగ్ ముడుచుకుపోయి పైగుడ్డను లాగేస్తోంది.

"లైనింగ్ తడపలేదా?"

"తడపకుండా? కుట్టి, హుక్కులేసి, ఆమీద బకెట్లో నానబెడ్తి. నీడన ఆరేస్తి. ఇస్త్రీ చేస్తి."

"కుట్టాక ఎందుకు తడిపావు?"

ఆమె కాగితాలు విప్పింది. సైబర్ సెంటర్లో తీయించిన ప్రింటు. పైన కత్తిరింపు, కుట్టు. దాని కింద తడపడం. బ్లాగులో కొత్త రాత పైకి వస్తుంది, పాతది కిందికి జరుగుతుంది. అది నాకు తెలిసిందే. కానీ ఎవరైనా పైనుంచి కిందికి ఒకే పాఠంలా చదువుతారని తోచలేదు.

"నాకు అనుమానం రాలేదక్కా. గార్మెంట్స్‌లో అంతే కదా. కుట్టేది, ఆమీద వాషింగు, ఆమీద ఇస్త్రీ, ప్యాకింగు. నేను అక్కడ పనిచేసిన అన్నేండ్లూ నాది కాలర్ కుట్టే పనే. ముందర ఏం జరిగిందో, వెనక ఏం జరుగుతుందో మనకేం తెలుసు? కాలరొస్తుంది, కుట్టి పక్కకిస్తాం. ఇప్పుడు అది విడిచిపెట్టి ఇంట్లో మిషను పెట్టినా. ఇది మా ఇంటి ఓనరమ్మది, చిక్కమ్మ అని, నాకు మొదటి గుడ్డ. ఆమె బాగుందంటేనే వీధిలో మిగతావాళ్ళు ఇస్తారు. లేదంటే మళ్ళీ కాలర్లే."

"ఎప్పుడివ్వాలి?"

"రేపు పొద్దున."

మామగారు కాగితాలు తీసుకుని అద్దాలు సవరించుకుని చూశారు. "ఏందమ్మా, తలకిందులుగా రాసినావు? కొత్త సరుకు పైన పెడితే పాత సరుకు ఎప్పుడు పోతాది? మన అంగట్లో ఎవడన్నా ఇట్ల పేరిస్తే ఊరుకుంటానా?"

"బ్లాగు పద్ధతి అది మామా. పేపరు మాదిరి. ఈరోజుది పైన."

"పేపరు చూసి రవికలు కుట్టరు కదమ్మా. తీసెయ్ దాన్ని."

"తీసేయొద్దు సామీ, హుక్కుల సంగతి అక్క రాస్తే చదవాల నేను," అంది అనిత.

రవికను వెలుగులో పట్టి చూశాను. పైగుడ్డ పాలియెస్టర్ కలిసినది, కొంచెం కూడా కురచ కాలేదు. లైనింగ్ ఒక్కటి మారిస్తే చాలు. ఆ మాట చెప్పగానే మామగారే నిచ్చెన ఎక్కి ఆకుపచ్చ తానులు దించారు. నేను తీసిన రంగు వద్దన్నారు, అనిత తీసింది వద్దన్నారు, మూడోది ఆయనే చింపి ఇచ్చారు.

దాన్ని వెంటనే తడిపి మిద్దె మీద తీగకు ఆరేశాను. అనిత నీడన గోడకానుకుని కూర్చుని పాత లైనింగ్ కుట్లు విప్పింది. పైగుడ్డ మీద ఒక్క గీత పడకుండా విప్పింది.

గుడ్డ ఆరేలోగా నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. బ్లాగు పెట్టెలోకి వచ్చేదాని వరస నా చేతిలో లేదు. కానీ ఆ పెట్టె పైన ఉన్న జాగా నాది, నా సాఫ్టువేరులో నేను గీసింది. అక్కడ పెట్టింది ఎన్ని కొత్త రాతలు వచ్చినా కిందికి పోదు. రెండు రాతలనూ ఒకటిగా కలిపి, పై జాగాలో వెడల్పుగా ఒక పట్టీ గీసి రాశాను: "లైనింగ్ కొనగానే తడపండి. ఆరాక ఇస్త్రీ చేయండి. ఆ తర్వాతే కత్తెర పట్టండి."

అనితను పిలిచి చదవమన్నాను. వేలు పెట్టి చదివింది.

"'కుట్టినాక కాదు' అని కూడా రాయక్కా. మా గార్మెంట్స్ వాళ్ళు చూస్తే మళ్ళీ నా మాదిరే చేస్తారు."

అది చేర్చాను. ఎరుపు రంగు వేశాను.

భోంచేసి, ఆరిన లైనింగ్ ఇస్త్రీ చేసి కత్తిరించి, మిషను ముందు కూర్చున్నాం. కుట్టింది ఆమె, చూసింది నేను. కుడి చంక దగ్గర లైనింగ్ నూలుపోగంత జరిగింది. విప్పమన్నాను.

"ఎవురికి కనిపిస్తుందక్కా అది? లోపల కదా."

"చెయ్యెత్తితే పట్టేస్తుంది. విప్పు."

"టేపు మింగి పుట్టినట్టుండావు నువ్వు," అని నవ్వుతూనే విప్పింది. రెండోసారి సరిగ్గా కూర్చుంది. సాయంత్రం ఇస్త్రీ చేసి చూస్తే, ఆకుపచ్చ పైగుడ్డ అరిటాకులా నున్నగా పరుచుకుంది. మామగారు లోపలా బయటా తిప్పి చూసి, కొత్త కవరులో పెట్టి ఇచ్చారు. బ్లాగు తీసెయ్యమన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు నేను కింద లేసులు చుడుతూ ఉండగా ఫోన్ మోగింది.

"అక్కా, ఇచ్చేసి వచ్చినా."

"ఏమంది చిక్కమ్మ?"

"బాగుందని అనలే. అద్దం ముందర ఇట్ల తిరిగి అట్ల తిరిగి చూసుకునె. వీపు దగ్గర స్వల్ప దిగింది అనె. మళ్ళీ కాలర్లే అనుకుంటి. ఆమీద లోపలికి పోయి ఇంకా రెండు గుడ్డలు తెచ్చి ఒళ్ళో పెట్టె. ఒకటి కూతురిదంట."

"వీపు ఎంత దిగిందట?"

"అయ్యో అక్కా, సుమ్నే, ఊరికే అట్లంటారు. నువ్వు దానికి టేపు తీయొద్దు."

మామగారు గల్లా దగ్గర నుంచి తలెత్తారు. "ఏమంట?"

"ఇంకో రెండు గుడ్డలు ఇచ్చిందట మామా."

ఆయన లేచి పంచె సర్దుకుని నిచ్చెన లాక్కున్నారు.

"ఏం రంగులో అడుగమ్మా," అన్నారు.