కంబానికి వేలాడిన కాగు

మెట్ల మీది ఎండుటాకులను పుల్లల చీపురుతో కిందికి తోస్తూ జుల్మీరా తలెత్తింది. తలెత్తినది ఎత్తినట్టే కొయ్యబారిపోయింది. చీపురు చేతిలోంచి జారి మెట్ల మీద పడింది.

ఆ మెట్ల పైన ఉన్నది ఊరి నడిబొడ్డున, పూర్వం నేరస్తులను కట్టేసి కొరడాలతో కొట్టిన రాతికంబం. చేయెత్తితే అందే ఎత్తులో ఇనుప కొక్కేలు. వాటిలో ఒకదానికి అమ్మ రాగికాగు వేలాడుతోంది!

ఆ కాగును ఆమె గుర్తుపట్టకపోవడమేమిటి? చలికాలంలో పందిని కోసిన రోజున అమ్మ సాసేజీలు ఉడికించింది అందులోనే. అంచు మీది సొట్ట, చిన్నప్పుడు తమ్ముడు అదెరీతు దాన్ని నెత్తిన బోర్లించుకుని ఈ మెట్ల మీంచే దొర్లినప్పటిది. అమ్మ పోయాక అక్కకు మాటమాత్రం చెప్పకుండా దాన్ని తన ఇంటికి మోసుకుపోయాడు. జుల్మీరా ఊరుకునే మనిషా? ఆదివారం ప్రార్థన ముగిసి జనం చర్చిలోంచి వస్తుండగా, సరిగ్గా ఇక్కడే నిలబడి, "దొంగవెధవా! నిన్నీ కంబానికి కట్టేసి కొట్టాలిరా!" అని అరిచింది. ఆనాటి నుంచి మాటల్లేవు. తరవాత అతడు ఎన్నిసార్లు వచ్చి తలుపు తట్టినా ఆమె గొళ్లెం తీయలేదు.

కాఫీకొట్టు తెరుస్తున్న బెల్మీరు కూడా నోరు వెళ్లబెట్టాడు.

"అమ్మ బాబోయ్! ఇదేంటక్కా, కాగుకి శిక్ష వేశారా?"

"కాగుక్కాదురా, నాకు! ఆరోజు నేనన్న మాటకి ఊరందరి ముందూ నన్ను కంబానికెక్కించాడు నా తమ్ముడు."

"ఆయన లేడుగా. తెల్లారి బస్సెక్కుతుంటే చూశా. గడ్డం గీసుకుని పెళ్లికొడుకులా ఉన్నాడు. సాయంత్రానికి వస్తాళ్లే. పోనీ నేను దింపనా?"

"చెయ్యేశావంటే చీపురు తిరగేస్తా! వాడే రావాలి. వాడి చేత్తోనే దింపాలి."

రోజూ ఊడ్చినట్టే చర్చి వాకిలి ఊడ్చింది. నీళ్లతొట్టి పాచి గీకింది. ఎటు తిరిగినా కళ్లు మాత్రం కాగు మీదికే పోయాయి. క్యాబేజీలు మోసుకెళ్తున్న ఆడవాళ్లు ఆగి చూసి, కొంగుచాటు చేసుకున్నట్టు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. జుల్మీరాకు ముఖం భగ్గుమంది. అదెరీతు ఇంటి గోడ వెనక కోళ్లు ఒకటే గోల.

"గూడైనా తియ్యకుండా ఊరేగాడు చూడు, బుద్ధిలేనివాడు!" అని విసుక్కుంది.

మధ్యాహ్నం కాగుకు వీపు పెట్టి మెట్ల మీద కూర్చుని నల్ల రొట్టె నమిలింది. సాయంత్రం వాణ్ని ఏమని కడిగెయ్యాలో మాటలు కూడబలుక్కుంది. నిజం చెప్పాలంటే, తిట్టడానికైనా సరే తమ్ముడితో మాట్లాడబోతున్నానన్న సంగతి ఆమెకు లోలోపల తియ్యగానే ఉంది.

సాయంత్రం బస్సు వచ్చింది. ఇద్దరు దిగారు. అదెరీతు దిగలేదు.

బెల్మీరు కొట్టులోంచి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"అక్కా... పట్నం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. మా కొట్టు నంబరే ఇచ్చాడట. గుండెకి ఆపరేషనట. బల్ల మీదే పోయాడట అక్కా."

"ఎవరు?"

బెల్మీరు తల దించుకున్నాడు.

"ఎవర్రా పోయింది? పెళ్లికొడుకులా వెళ్లాడన్నావు కదరా!"

ఆమె మెట్లెక్కింది. పొద్దుటి నుంచి ముట్టనని భీష్మించుకున్న కాగును రెండు చేతులా పట్టుకుంది. ఉప్పూ నిమ్మకాయా పెట్టి తోమాడు కాబోలు, తళతళలాడుతోంది. దింపబోతే లోపల ఏదో గలగలమంది. చెయ్యి పెట్టి తీసింది. తాళంచెవి. తమ్ముడి ఇంటిది.

తలుపు తియ్యని అక్క తెల్లవారగానే తప్పకుండా వచ్చే చోటు ఊళ్లో ఇదొక్కటే. అది తెలిసే వాడు ఇల్లు చూసుకోమని తాళంచెవిని ఇక్కడ వదిలి వెళ్లాడు. పొద్దున్నే చెయ్యి పెట్టి చూసి ఉంటే? ఆ గలగల అప్పుడే విని ఉంటే? అయ్యో, అయ్యో!

"కోళ్లు," అంది. "పొద్దుటి నుంచీ అరుస్తూనే ఉన్నాయిరా బెల్మీరూ. నాకు వినబడుతూనే ఉన్నాయి."

తాళంచెవి పిడికిట్లో బిగించి తమ్ముడి ఇంటివైపు నడిచింది. కాగు సంగతి మరిచేపోయింది. కొక్కేనికి అది ఇంకా కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంది.