విషపు తొట్టెలో ఎక్కువైన చేప

రంగుల ఫ్యాక్టరీ రసాయనం అన్నిటికంటే ఎక్కువ కలిపిన తొట్టెలో ఒక్క చేప కూడా చావకపోవడం చూసి, పరీక్ష చేస్తున్న కెమిస్టు మళ్లీ లెక్కపెట్టింది. పైగా ఆమె వేసినవాటికంటే ఒకటి ఎక్కువే ఈదుతోంది!

"ఇది విషం కాదమ్మాయ్, టానిక్కు! సంతకం పెట్టెయ్, ఫ్యాక్టరీవాళ్లు నదిలోకి వదులుకుంటారు," అంటూ ఆఫీసరు చంకలు గుద్దుకున్నాడు.

ఆమె కలం ముట్టలేదు. అక్కడే తొట్టెలు కడిగే సొంత బాబాయి వైపు తిరిగింది. ఆయన గోడ వైపు తిరిగాడు.

"బాబాయ్, నిజం చెప్పు. లేకపోతే నదిలో చేపలన్నీ చస్తాయి!"

"పోయినసారి చేపలు చస్తే, తొట్టె సరిగ్గా కడగలేదని నన్నే దులిపేశావు కదే! అందుకే ఈసారి చచ్చినవాటిని చచ్చినట్టే తీసిపారేసి, కొత్తవి వేస్తూ వచ్చాను. కంగారులో ఒకటి ఎక్కువ పడింది, అంతే!"